అది విష్ణుక్రాంత కాదు

ఫొటో వచ్చింది గురువారం మధ్యాహ్నం, ఒంటిగంటన్నర దాటాక. ఇంటర్ ప్రాక్టికల్స్ జరుగుతున్న రోజులవి. నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆ వారం నన్ను ఊళ్లోనే ఇంకో కాలేజీకి ఎగ్జామినర్‌గా వేశారు. పొద్దున్నుంచి రెండు బ్యాచ్‌లు అయ్యేవరకు నిలబడే ఉన్నాను. ల్యాబ్‌లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు గనక బీరువాలో పెట్టిన ఫోన్ని భోజనానికి బయటికొచ్చాకే తీసి చూశాను. మా అప్ప దగ్గర్నించి ఒక ఫొటో ఉంది. న్యూస్‌పేపర్ మీద పచ్చటి మొక్కల కుప్ప, అందులో అక్కడక్కడా చిన్న చిన్న నీలం పూలు. కింద ఒక్క వాక్యం: "విష్ణుక్రాంత ఇదేనేటే?"

"అదే అప్పా" అని కొట్టి క్యారేజీ మూత తీశాను.

ఆ పూట ఒక పిల్లకి నేను అర మార్కు తగ్గించాను. బల్ల మీద పెట్టిన మొక్కకి పేరు సరిగ్గానే రాసింది గానీ, ఎందుకు ఆ పేరు అనుకుందో రాయలేదు. "పేరు ఎవరైనా చెబుతారమ్మా, గుర్తులు చెప్పాలి" అన్నాను. ఆ పిల్ల తల దించుకుని వెళ్లిపోయింది. ఈ మాట ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాసే అర్హత నాకు ఉండదు.

మా వైపు అక్కని అప్ప అంటాం, ఆడపిల్లని గుంట అంటాం. మా అప్ప నాకంటే రెండేళ్లు పెద్దది. గజపతినగరంలో ఉంటుంది. మా బావకి అక్కడ మెయిన్ రోడ్డు మీద మోటారు పంపుసెట్లు బాగుచేసే షాపు ఉంది. పెళ్లయిన పదేళ్లకి పుట్టింది వాళ్లకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. మొదటి సంవత్సరం మార్కులు అనుకున్నంత రాలేదు. అప్పట్నించీ ఒక భయం పట్టుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "పుస్తకం మూస్తే అంతా పోతన్నాది పిన్నీ. మూసిన పేజీలో ఏటుందో కూడా గుర్తుండట్లేదు."

జ్ఞాపకశక్తికి విష్ణుక్రాంత మంచిదని మా ఇంట్లో ఎప్పట్నుంచో ఒక నమ్మకం. మేం టెన్త్ రాసినప్పుడు మా అమ్మ ఆ మొక్కని నూరి పాలల్లో కలిపి ఇచ్చేది. రైలు కట్ట పక్కన మెట్టనేలలో, గడ్డి మధ్య నేలకి అంటుకుని ఉండేది అది. వేళ్ల మధ్య రాస్తే మెత్తగా, పిల్లి చెవిలా తగిలేది. దానివల్ల మార్కులొచ్చాయని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ హాని లేదు కదా. అప్ప అడిగినప్పుడు కూడా అదే అనుకున్నాను. తాగితే తాగుతుంది, పిల్లకి కాస్త ధైర్యం వస్తుంది.

నేను ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. ఫిబ్రవరి నెలలో, ఎండలు మొదలైపోయిన మా మైదానంలో విష్ణుక్రాంత అంత పచ్చగా, అంత కుప్పగా దొరకదు. అప్పటికే ఎండి దారాల్లా అయిపోయి ఉంటుంది. అప్పకి కూడా ఎక్కడా దొరక్కే, కొండ మీద నుంచి సంతకి కాబేజీ, బఠాణీ తెచ్చి అమ్మే ఒకామెని అడిగింది. "నేల మీద పాకుతాది, చిన్న నీలం పువ్వుంటాది, విష్ణుక్రాంత అంటారు, తెస్తావేటి" అని. ఆమె తెచ్చింది. అప్ప నమ్మేయలేదు. నాకు ఫొటో పంపింది. ఇంట్లో బోటనీ చదివినది నేనొక్కర్తినే మరి.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగింది.

"లేచావేటే?"

"లేచాను. ఏటైంది అప్పా, గొంతలగున్నాది?"

"గుంటకి తెల్లారగట్ల నుంచి వాంతులు. ఐదుసార్లయింది. నిన్న విరేచనాలయితే పరీక్షల భయమనుకున్నాను. ఇప్పుడు మంచినీళ్లు కూడా కడుపులో నిలబడ్డంలేదు."

"ఏటి తింది?"

"ఇంట్లో వండిందే. మేమూ తిన్నాం, మాకేటీ అవలేదు."

"తనొక్కర్తే తిన్నది ఏటైనా ఉందా?"

"ఏటుంటాది?" అంది. "పొద్దుటే విష్ణుక్రాంత పాలు తాగతాది, అంతే. శుక్రవారం నుంచి ఇస్తన్నాను."

ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ ఫొటో తెరిచాను. రెండు వేళ్లతో పెద్దది చేశాను. పూలు మసగ్గా ఉన్నాయి. ఒక కొమ్మ మాత్రం కుప్ప అంచున, పేపర్ తెల్లదనం మీద విడిగా పడి ఉంది. దాన్ని చూశాను.

ఆకులు జంటలుగా ఉన్నాయి.

విష్ణుక్రాంతకి ఆకులు జంటగా ఉండవు. కాడ మీద ఒకటి ఇటు, కొంచెం పైన ఇంకొకటి అటు, ఒక్కొక్కటిగా వస్తాయి. ఈ కొమ్మ మీద మాత్రం ప్రతి కణుపు దగ్గరా రెండేసి ఆకులు ఎదురెదురుగా, తొడిమ లేకుండా కాడని పట్టుకుని ఉన్నాయి. నూగు లేదు. మెరుస్తున్నాయి. తొలి తరగతుల్లోనే పిల్లలకి నేర్పే తేడా అది. కళ్లున్నవాళ్లెవరికైనా కనిపిస్తుంది, చూస్తే.

ఆ కొమ్మ మీద కణుపులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ చూసుకుంటూ వచ్చాను.

"ఏటే, ఉన్నావా?" అంటోంది అప్ప.

"ఉన్నాను. అప్పా, ఆ మొక్క ఇంక తాగించకు. మిగిలింది పారీకు, దాచు. గుంటని ఇప్పుడే విజయనగరం తీసుకెళ్లిపొండి. ఊళ్లో చూపించుకుని ఆగొద్దు."

"ఎందుకే? అది మంచిదే కదా?"

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. "ఏ పొలంలోదో ఏటో, మందులు కొట్టుంటారేమో" అన్నాను. "నేనూ వస్తన్నాను, బేగి బయల్దేరండి."

మా ఆయన నన్ను స్కూటర్ మీద బస్ కాంప్లెక్స్ దగ్గర దింపారు. విజయనగరం బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన కూర్చుని మళ్లీ ఫొటో తెరిచాను. రణస్థలం దాటేదాకా అదే చూశాను. నాకు గుర్తొచ్చిన మొక్క ఒకటుంది. చలికాలం పంటల్లో, ముఖ్యంగా కొండ మీద చల్లటి చోట్ల, కలుపుగా వస్తుంది. మా వైపు దానికి పేరేమీ విన్లేదు. పుస్తకాల్లో అనాగాలిస్ అంటారు. అదీ నేల మీదే పాకుతుంది. అదీ నీలం పువ్వే, అంతే చిన్నది, అయిదు రేకులు. దూరం నుంచి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ ఇది విషం. తింటే వాంతులు, విరేచనాలు. పశువులు మేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయని ఎప్పుడో చదివాను. మనుషుల సంగతి ఏం చదివానో గుర్తులేదు. ఫోన్లో వెతికితే ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. మూత్రపిండాలు అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయేవి.

నిజంగా ఇదేనా? జంట ఆకులు, నీలం పువ్వు ఉన్న మొక్కలు ఇంకా ఉన్నాయి. పువ్వు మధ్యలో ఏ రంగుందో కనిపిస్తే తేలిపోతుంది. ఫొటోలో అక్కడ ఒక మసక చుక్క తప్ప ఏమీ లేదు. నాతవలస దగ్గర బస్సు హైవే వదిలి విజయనగరం రోడ్డెక్కేసరికి అప్పకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడోసారి బావ ఎత్తాడు. "సెలైన్ పెట్టారు" అని ఆసుపత్రి ఎక్కడో చెప్పి పెట్టేశాడు. ఎప్పుడూ "ఏటి మరదలా" అని మొదలుపెట్టే మనిషి.

ఆసుపత్రి మేడ మీద చిన్న గది. పిల్ల కళ్లు మూసుకుని పడుకుంది. పెదాలు ఎండిపోయి, కళ్ల కింద గుంటలు పడ్డాయి. రెండు రోజుల్లో అంత మనిషి ఇంతయింది. అప్ప మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. జడ కూడా వేసుకోలేదు.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. "ఏదో మొక్క తాగిందంటున్నారు. ఏం మొక్క? మీరేనా బోటనీ మేడం?" అని అడిగింది.

"నేనే. వాళ్లు విష్ణుక్రాంత అనుకుని ఇచ్చారు. ఫొటోలో చూస్తే అది కాదనిపిస్తోంది. దాన్ని పోలినదే, వేరే మొక్క. విషం ఉంటుంది."

అప్ప నా వైపు తిరిగింది. నేను ఆమె మొహం చూడలేదు. డాక్టరు ఇచ్చిన చీటీ మీద ఆ మొక్క పేరు రాశాను. ఒక అక్షరం తప్పు పడితే కొట్టేసి మళ్లీ రాశాను.

"ఖాయమా?"

"మొక్క చూస్తే ఖాయంగా చెబుతాను. తెచ్చారా?"

"కంగారులో మర్చిపోయాం" అన్నాడు బావ గుమ్మం దగ్గర్నించి.

"కిడ్నీల మీద ఏమైనా ఉంటుందా?" అంది డాక్టరు.

"పశువుల్లో ఉంటుందని చదివాను. మనుషుల్లో ఎంతవరకో నాకు తెలియదు."

ఆ అమ్మాయి తలూపింది. "తెలియదని చెప్పారు, మంచిది. రక్తం పంపాను, ఆ పరీక్ష కూడా కలుపుతాను. మూత్రం ఎంత వస్తోందో కొలుస్తాం. మీరు ఆ మొక్క చూసి నాకు చెప్పండి."

నేను వెళ్లబోతుంటే మంచం మీద నుంచి పిల్ల పిలిచింది. గొంతు సరిగ్గా రాలేదు. వంగి చెవి దగ్గర పెట్టాను.

"పిన్నీ, నేను దానికి కూడా ఇచ్చాను."

"ఎవరికమ్మా?"

తన స్నేహితురాలి పేరు చెప్పింది. ఒకే కాలేజీ, ఒకే బెంచీ. శుక్రవారం ట్యూషన్‌కి వెళ్లినప్పుడు ఇంట్లో తెచ్చిన దాంట్లో సగం కవర్లో పెట్టి ఇచ్చిందట. ఆ పిల్లకి కూడా గుర్తుండట్లేదని.

"సగమా?" అంది అప్ప. ఆ సంగతి ఆమెకి తెలియదు.

ఆ పిల్లకి ఫోన్ చేశాను. స్విచాఫ్. "పరీక్షలయ్యేవరకు వాళ్ల నాన్న ఫోన్ దాచీసారు పిన్నీ" అంది. వాళ్ల నాన్న నంబరు ఎవరి దగ్గరా లేదు. ఊరు గజపతినగరానికి ఆరు కిలోమీటర్లు. ఇల్లు బావకి తెలుసు, ఒకసారి ఆ పిల్లని దింపి వచ్చాడు.

"బండి తీస్తన్నాను, రా" అన్నాడు.

విజయనగరం నుంచి గజపతినగరం దాకా నేను వెనక కూర్చుని లెక్కలేసుకుంటున్నాను. మావాళ్ల పిల్ల రెండు పూటలు తాగింది. ఆ పిల్లకి సగం ఇచ్చిందంటే అంతే తాగి ఉంటుంది. దానికి కూడా ఇవాళ పొద్దుటే వాంతులు మొదలైతే వాళ్లేమనుకుంటారు? పరీక్షల భయమే అనుకుంటారు, మజ్జిగ తాగించి పడుకోబెడతారు. మొక్క సంగతి ఆ పిల్ల చెప్పదు. చెప్పినా, విష్ణుక్రాంతే కదా అంటారు.

ముందు అప్పావాళ్ల ఇంటికే వెళ్లాం, దారిలోనే గనక. వంటింట్లో స్టీలు పళ్లెంలో తడిగుడ్డ కప్పి ఉంచింది మొక్కల్ని. ఒకటి తీసి పెరట్లోకి, ఎండలోకి తెచ్చాను. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం ఉంటుంది. కాడ వేళ్ల మధ్య దొర్లించాను. గుండ్రంగా దొర్లలేదు, నాలుగు పలకలు తగిలాయి. ఆకు తిరగేశాను. అడుగున సన్నటి నల్ల చుక్కలు. విష్ణుక్రాంత పువ్వు రేకులు ఒకదానికొకటి అతుక్కుని, తెరిచిన గొడుగులా ఒకే ముక్కగా ఉంటాయి. నడుమ తెలుపు ఉంటుంది. దీని రేకులు అయిదూ దాదాపు విడివిడిగా ఉన్నాయి. నడుమ కుంకుమ బొట్టులా ఎర్రటి మచ్చ. కింద వంగిన తొడిమకి చిన్న గుండ్రటి కాయ వేలాడుతోంది. గోటితో నొక్కితే పైభాగం డబ్బా మూతలా ఊడి వచ్చింది.

ఇంక అనుమానానికి చోటు లేదు. అప్పకి ఫోన్ చేసి డాక్టరుకి ఇమ్మన్నాను. "అదే మొక్క. ఖాయం" అని చెప్పాను. "సరే మేడం" అంది ఆ అమ్మాయి. వెనకాల అప్ప ఏదో అడగడం వినిపించింది. ఈలోగా ఫోన్ కట్టయింది.

బావ పెరటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు.

"ఇప్పుడు సూసినట్టు ఆ రోజు సూసావా?" అన్నాడు.

"చూళ్లేదు బావా. భోజనం దగ్గర ఉన్నాను. నీలం పువ్వు కనిపించింది, అదే అనీసాను."

ఆయన నా చేతిలోని మొక్కకేసి చూశాడు. "మోటారు విప్పకుండా ఏటైందో నేనెవడికీ సెప్పను" అన్నాడు. కేక లేదు, కోపం కూడా లేదు. ఆ ఒక్క మాటే అని వెళ్లి బండి స్టార్టు చేశాడు. నన్ను కొట్టినా బాగుండేదనిపించింది.

ఆ పిల్ల ఊరు వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె బీడీలు చుట్టుకుంటూ గడప మీద కూర్చుంది.

"ఆల్లా, ఆదివారం కదా, సర్చికెల్లారు" అంది.

"ఆ అమ్మాయి కూడా వెళ్లిందా? ఒంట్లో బాగుందా?" అన్నాను.

"ఏటో మరి. నాను సూడ్నేదు."

చర్చి ఊరి చివర, రోడ్డు పక్కన. పాత బాప్టిస్టు చర్చి, ముందు రేకుల వసారా కొత్తగా వేశారు. గుమ్మం ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. లోపల పాట అప్పుడే ఆగింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఆడవాళ్లంతా ఒకవైపు, నెత్తి మీద కొంగులు కప్పుకుని చాపల మీద కూర్చున్నారు. వెనకనుంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉన్నారు. నేను ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు.

బావ గుమ్మంలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. "కనబడ్డంలేదు" అన్నాడు మెల్లగా.

ఇంట్లో లేదు, ఇక్కడా లేదంటే ఎక్కడుంది? ఆసుపత్రికి తీసుకెళ్లారా? అయితే పక్కింటామెకి తెలిసేది కదా. ప్రార్థన సాగుతూనే ఉంది. రోగుల కోసం, పంటల కోసం, పరీక్షలు రాసే బిడ్డల కోసం. మధ్యలో మాట్లాడకూడదు. ఆగకూడదు కూడా. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, చివరి వరసలో కూర్చున్న ఒకామె భుజం తట్టి, ఆ పిల్ల పేరు చెప్పి అడిగాను. ఆమె కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసి, ముందుకి వేలు చూపించింది. వేదిక పక్కన, పాటలు పాడేవాళ్లతో, స్తంభం చాటున కూర్చుని ఉంది.

అంత దూరం, అంతమంది మధ్యలోంచి, కళ్లు మూసుకున్న మనుషుల మోకాళ్లు దాటుకుంటూ వెళ్లాను. ఎవరిదో బైబిలు నా చీర అంచు తగిలి జారింది. వంగి తీసి మళ్లీ పెట్టాను. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొనసాగించారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి రమ్మన్నాను. భయంతో తెల్లబోయి, మారు మాట లేకుండా వచ్చింది. వెనకాలే వాళ్ల నాయనమ్మ కూడా లేచి వచ్చింది.

వసారాలో నిలబెట్టి అడిగాను. "నీ ఫ్రెండు శుక్రవారం నీకొక మొక్క ఇచ్చింది కదా, తాగావా?"

"మీరు..."

"వాళ్ల పిన్నిని. తాగావా అమ్మా, లేదా? నిజం చెప్పు, ఎవరూ ఏమీ అనరు."

"తాగలేదు మేడం. శనివారం పొద్దున్న రెండాకులు నమిలి సూసాను. సేదు. నాలిక మండింది. ఉమ్మేసి నోరు కడుక్కున్నాను."

"రెండాకులేనా? తర్వాత?"

"అంతే మేడం. దానికి కూడా సెప్దామనుకున్నాను గానీ ఫోన్ లేదు."

"కడుపునొప్పి, వాంతి, ఏమైనా?"

"ఏటీ లేదు."

నాయనమ్మ ముందుకొచ్చింది. సన్నటి మనిషి, గట్టి గొంతు. "ఏటమ్మా, ఏటి గొడవ? ఆ ఆకు సంగతేనా? ఈ గుంట తెచ్చి మందన్నాది. నాను మేక ముందర ఏసాను. మేక వాసన సూసి మూతి తిప్పీసింది. మేకే ముట్టనిది నీకెందుకే అని తీసుకెల్లి పెంటకుప్పలో పారీసాను."

బావ ఆ మాట విని చర్చి గోడకి ఆనుకున్నాడు. నేను వసారా మెట్టు మీద కూర్చుండిపోయాను. మా పిల్ల ఆసుపత్రిలో ఉందని చెప్పాను. ఆ అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. నాయనమ్మ లోపలికెళ్లి పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మా పిల్ల పేరు కూడా ప్రార్థనలో కలిపారు. వాళ్ల పెంటకుప్ప దగ్గరికి వెళ్లి, వాడిపోయి ఉన్న ఆ మొక్కల్ని కవర్లోకి ఎత్తి మాతో తెచ్చేశాం, ఏ పశువైనా ముట్టకుండా.

మళ్లీ విజయనగరం చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. రక్తం రిపోర్టు వచ్చింది. డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచింది. "కిడ్నీ పరీక్షలో అంకె ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువుంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోవడంవల్ల కావచ్చు, ఆ మొక్కవల్ల కావచ్చు. ఇప్పుడే చెప్పలేను. రేపు పొద్దున్న మళ్లీ చేస్తాం. తగ్గితే భయం లేదు. పెరిగితే వైజాగ్ పంపాల్సొస్తుంది."

అప్ప "పెరగదు కదమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి అప్ప భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది.

ఆ మిగిలిన పగలంతా మేం చేసింది ఒక్కటే పని. నర్సు వచ్చి మూత్రం కొలిచి కాగితం మీద రాసి వెళ్తే, ఆమె వెనకాలే వెళ్లి ఆ కాగితం చూడడం. సాయంత్రానికి వాంతులు ఆగాయి. కొబ్బరినీళ్లు రెండు చెంచాలు నిలిచాయి. అప్ప నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. గ్లాసు ఇటివ్వు, ఫ్యాను తగ్గించు, నువ్వేమైనా తిన్నావా. నేను రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఎవరో ఒకరు గదిలోకొచ్చారు. అది సాకని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్న ఏడుకి మళ్లీ రక్తం తీశారు. రిపోర్టు పదింటికన్నారు. పదిన్నరయినా రాలేదు. బావ మెట్ల మీద కూర్చున్నాడు. లేస్తాడు, కిందికెళ్తాడు, మళ్లీ వచ్చి అదే మెట్టు మీద కూర్చుంటాడు. పదకొండుకి డాక్టరే కాగితం పట్టుకుని వచ్చింది. వస్తూనే "తగ్గింది" అంది. ఇంకేదో కూడా చెప్పింది, ఇంకో రోజు ఉంచుతామని, నీళ్లు బాగా తాగించమని. నాకు ఆ ఒక్క మాటే వినిపించింది. బావ లోపలికొచ్చి కూతురి అరికాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "చక్కిలిగిలి నాన్నా" అంది పిల్ల.

అప్ప వరండాలోకి వచ్చేసింది. నేనూ వెనకాల వెళ్లాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, రోడ్డు మీద ఆటోలని చూస్తూ అంది.

"డాక్టరమ్మకి సెప్పావు. మీ బావకి సెప్పావు. నాకు సెప్పలేదు."

"భయమేసింది అప్పా."

"నేనేటి సేస్తానని?"

"ఏటో. నువ్వు నన్ను నమ్మి పంపావు. నేను చూళ్లేదు. ఒక్క నిమిషం చూసుంటే తెలిసిపోయేది. చూడకుండానే అదే అనీసాను. ఫోన్లో కూడా నీతో అబద్ధమాడాను, మందులు కొట్టిన పొలమని."

అప్ప నా వైపు తిరగకుండానే అంది. "శుక్రవారం తాగినప్పుడే గుంట సెప్పింది, అమ్మా సేదుగా ఉన్నాది, నాలిక మండతన్నాదని. విష్ణుక్రాంత అంత సేదుండదు. మనం తాగినదే కదా, నాకు తెల్సు. అయినా బెల్లం ముక్క ఏసి, ముక్కు మూసి తాగించాను. రెండు రోజులూ." ఆమె మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది. "నువ్వు సెప్పావు కదా అనుకున్నాను. నా నాలిక నాకు సెప్పింది మాత్రం విన్లేదు."

పక్కన నిలబడ్డాను. కింద ఎవరో పేషెంటుని ఆటోలోంచి దింపుతున్నారు. అప్ప అటే చూస్తూ, "జడెయ్యి" అని నా వైపు వీపు తిప్పింది. బ్యాగులోంచి దువ్వెన తీశాను. రెండు రోజులుగా దువ్వని జుట్టు, చిక్కులు పడిపోయింది. నొప్పి పెట్టకుండా కింద నుంచి మెల్లగా విడదీస్తూ వచ్చాను.

పిల్ల మంగళవారం ఇంటికెళ్లింది. పరీక్షలకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అన్నీ రాసింది. గొప్ప మార్కులేమీ రాలేదు, పాసయింది. ఆ నెల సంతలో అప్ప కొండామెని కలిసి జరిగింది చెప్పిందట. ఆమె బెదిరిపోయి, "నాను పూజకనుకున్నానమ్మా, తాగీస్తారనుకోనేదు. మా గొడ్లు కూడా దాన్ని ముట్టవు" అందట. అప్ప ఆమె దగ్గర ఎప్పట్లాగే రెండు కాబేజీలు కొనుక్కుని వచ్చింది.